బాతుల కోసం ఆగిన డప్పులు

2009 డిసెంబరు. భూపాలపల్లి దాటి అడవిలోకి కొంత దూరం పోతే ఒక పెద్ద చెరువు వస్తుంది. దాని ఒడ్డున ఉన్న ఆరు కాటేజీల సఫారీ లాడ్జికి నేను మేనేజర్ని. మేనేజర్ అనగానే చల్లటి గదిలో కుర్చీ ఊహించుకోకండి. నీళ్ల మోటారు కాలిపోతే మెకానిక్‌ను బతిమాలేది నేనే, కోతులు ఎత్తుకెళ్లిన తువ్వాళ్ల కోసం చెట్ల కింద తిరిగేది నేనే, ఉప్మాలో ఉప్పెక్కువైతే మాటలు పడేదీ నేనే. మాది జనగామలో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. ఈ ఉద్యోగంలో చేరతానన్నప్పుడు మా బాపు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "షావుకారి బిడ్డవు, అడవిల పోయి ఊరోళ్ల పక్కలు సర్దుతవా?" అన్నాడు. సర్దుతానన్నాను. సర్దాను కూడా. నాకు ఒకసారి మొండిపట్టు వచ్చిందంటే మా బాపు కాదు కదా, ఎవరూ ఆపలేరు.

మా లాడ్జికి సీజన్ అంటే చలికాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కడెక్కడి నుంచో వలస పక్షులు ఆ చెరువు మీద దిగుతాయి. వాటి కోసం మనుషులు వస్తారు. మిగతా కాలమంతా ఈగలు తోలుకునే లాడ్జిలో ఆ నాలుగు నెలలు ఆక్యుపెన్సీ, అంటే గదులు నిండడం, బ్రహ్మాండంగా ఉంటుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చూడాలనుకునేది ఒక రకం పెద్దబాతును. బూడిద రంగు ఒళ్లు, తెల్లటి తల, ఆ తల వెనక రెండు నల్లటి గీతలు. హిమాలయాల మీదుగా ఎగిరి వస్తుందది. ఇంగ్లీషులో బార్ హెడెడ్ గూస్ అంటారు. చెరువు కింది ఊరివాళ్లు మాత్రం దాన్నీ బాతే అంటారు, ఇంకో నాలుగు తిట్లు కూడా కలిపి. యాసంగి నారుమళ్లలో పడి మొలకలు తినిపోతే తిట్టక ముద్దు పెట్టుకుంటారా?

పక్షుల్ని దగ్గర నుంచి చూడడానికి మాకొక హైడ్ ఉండేది. వెదురు తడికలతో, తుంగతో కట్టిన చిన్న పాక అది. మనిషి లోపల కూర్చుని సన్నటి కంతలోంచి చూస్తాడు, పక్షికి మనిషి కనిపించడు. తెల్లవారుజామున వెళ్లి కూర్చోవాలి, ముదురు రంగు బట్టలు వేసుకోవాలి, గుసగుసగా తప్ప మాట్లాడకూడదు. సెల్‌ఫోన్లు ఆఫీసులోనే పెట్టించేదాన్ని. దాని మీద ఎందరు గెస్టులతో తగవు పడ్డానో!

డిసెంబరు తొమ్మిది, బుధవారం సాయంత్రం మచిలీపట్నం నుంచి ఇద్దరు వచ్చారు. విశ్వనాథం గారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు బడిలో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. చెక్-ఇన్ చేసేటప్పుడు ఆవిడ నా బల్ల మూలకు తగిలి పడబోయారు. "చూసుకోండి మేడం" అన్నాను. ఫోన్లో గది బుక్ చేసినప్పుడే నా పేరు తెలుసుకున్న ఆవిడ నవ్వేసి చెప్పారు.

"చూసుకోవడానికేగా వచ్చింది సరోజా. నాకు కంటి నరం ఎండిపోతోందట. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనబడుతుంది. పక్కలు లేవు, కింద లేదు. వేసవి లోపల ఆ గొట్టం కూడా మూసుకుపోతుందన్నారు. సర్వీసంతా పిల్లలకి హిమాలయాలు దాటి వచ్చే బాతుల పాఠం చెప్పాను. ఒక్కసారీ చూడలేదు. చూడకుండా చెప్పానన్న వెలితి ఉండిపోకూడదని వచ్చాను."

అప్పటికే మసక పడింది. మసకలో ఆవిడకు అసలేమీ కనిపించదు. చెరువు మీంచి బాతుల అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి. ఆవిడ వరండాలో నిలబడి చాలాసేపు విన్నారు. పొద్దున్నే హైడ్‌కు తీసుకెళ్తానని మాటిచ్చాను.

ఆ రాత్రే ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది, తెలంగాణ రాష్ట్రం ఏర్పాటు మొదలుపెడుతున్నామని. డైనింగ్ హాల్లో టీవీ ముందు వంటవాళ్లు, నేను, అందరం ఎగిరి గంతులేశాం. దాచుకోవడానికేముంది, నేను ఏడ్చాను కూడా. సినిమాల్లో మా మాట రౌడీలకూ పనివాళ్లకూ పెట్టి నవ్వుకున్న రోజులు, చదువుకుని ఉద్యోగం దొరకని మా అన్నదమ్ములు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఊరి పోరగాళ్లు చెరువు కట్ట మీదికెక్కి ఇంట్లో మిగిలిన దీపావళి పటాకులన్నీ కాల్చారు. రెండో నంబరు కాటేజీలో విశ్వనాథం గారు టీపాయి, దాని మీద సూట్‌కేసు పెట్టి తలుపుకు అడ్డం జరిపారని పొద్దున తెలిసింది.

తెల్లారి హైడ్‌లో కూర్చుంటే చెరువు ఖాళీ. నీటికోళ్లు రెండు తప్ప ఒక్క రెక్క లేదు. చప్పుడుకు పక్షులు ఒక్కసారిగా లేచిపోవడాన్ని మేం ఫ్లష్ కావడం అంటాం. రాత్రి పటాకులకు చెరువు చెరువంతా ఫ్లష్ అయింది. రాజ్యలక్ష్మి గారు కంతకు మొహం ఆనించి ఖాళీ నీళ్లనే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ నన్ను నాలుగు మాటలు తిట్టినా బాగుండేదనిపించింది.

మా జీపు డ్రైవర్ బాలు నాయక్. నర్సింహులపేట దగ్గరి తండా అతనిది. పని కోసం వచ్చి ఈ అడవిలోనే ఉండిపోయాడు. అతను జీపేసుకుని గోదావరి దాకా వెళ్లొచ్చాడు.

"ఉన్నయక్కా! ఇసుక దిబ్బల మీద కూసున్నయి. సప్పుడు లేకుంటే ఓ రెండు రోజులకు మర్లొస్తయి. కని ఇయ్యాల పగటీలి ఊరోళ్లు డప్పులతోని కట్ట మీదికి వస్తున్నరు. కట్ట మైసమ్మకు మొక్కున్నదంట. గది మోగిందంటే గోదారి గూడ దాటి పోతయి, ఇగ ఈ యేడు రావు."

గెస్టులు ఉండేది శనివారం దాకానే. విశ్వనాథం గారైతే ఆ నిమిషమే బయల్దేరదామన్నారు. "రోడ్లు తెరిచే ఉన్నాయా? మన కృష్ణా జిల్లా ఏపీ పదహారు బండి చూస్తే ఏమైనా చేస్తారేమో!" అని ఒకటే గాభరా. రాజ్యలక్ష్మి గారు తాపీగా, "మీరు వెళ్లండి, నేను రాను" అన్నారు. ఆయన గొణుగుతూ మళ్లీ సూట్‌కేసు విప్పారు.

నేను ఊళ్లోకి బయల్దేరాను. వద్దంటున్నా ఆవిడా జీపెక్కారు. ఆవిడ ఎక్కారని ఆయనా ఎక్కి, అద్దాలు పైకెత్తుకుని కూర్చున్నారు.

ఊరి నడుమ గడ్డిమంట వేసి డప్పులు కాపుతున్నారు. చలికి తోలు మెత్తబడుతుంది, సెగ తగిలితే బిగుసుకుని ఖంగుమని మోగుతుంది. ఆ డప్పులోళ్లకు పెద్ద ఎల్లన్న. నన్ను చూడగానే, "సరోజక్క అచ్చింది, గులాల్ వెట్టుండ్రి!" అని కేకేశాడు. ఆడవాళ్లు చుట్టుముట్టి నా మొహమంతా గులాబీ రంగు చేశారు. అంత సంతోషంలో ఉన్నవాళ్లతో డప్పు కొట్టకండని ఏ నోటితో చెప్పేది? అయినా చెప్పాను.

ఎల్లన్న ముందు నవ్వాడు. తర్వాత నా మొహం చూసి ఆపాడు.

"బాతుల కోసమా? మతుండే మాట్లాడుతున్నవా అక్కా? మా తాతల కాడికెల్లి ఎదురుచూస్తున్నం. తెలంగాణ అచ్చిందని తెలిసిన్నాడే కట్ట మీద డప్పు మోగిస్తమని మైసమ్మకు మొక్కినం. అమ్మవారితోని ఆటలా?"

"రెండొద్దులే అన్నా. జర ఆగుండ్రి."

"ఎవలింతకు ఆ వచ్చినోళ్లు?"

మద్రాసు వాళ్లని ఒక అబద్ధం నా నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకో మింగేశాను. "మచిలీపట్నం" అన్నాను.

అంతే, ట్రాక్టర్ నడిపే ఒకతను ఎగిరిపడ్డాడు. "ఇగ సూడు! ఇన్నేండ్లు నోరు నొక్కిన్రు. గిప్పుడు సంబురం గూడ ఆంధ్రోళ్లనడిగి చేసుకోవాల్నా? నువ్వు ఎవల దిక్కక్కా?"

నాకు తిక్క రేగింది. "నన్నంటవేందిరా? నేనేమన్న సముద్రంల నుంచి లేచొచ్చిన్నా? రాత్రి టీవీ ముంగట నీకన్న ఎక్కువ ఎగిరిన!" అని నేనూ గట్టిగానే అందుకున్నాను. మా గొడవలో జీపు తలుపు తీసిన చప్పుడు ఎవరూ వినలేదు.

రాజ్యలక్ష్మి గారు దిగి, మా గొంతులు వినిపిస్తున్న వైపు తిన్నగా నడిచి వస్తున్నారు. తిన్నగా అంటే, మంట మీదికే. ఆవిడ చూపు ఎదురుగా మా మొహాల మీద ఉంది. కాళ్ల ముందున్న మంట ఆవిడకు లేదు. చీర కుచ్చెళ్లు సెగకు ఊగుతుండగా ఎల్లన్న ఒక్క ఉరుకు ఉరికి ఆవిడ చెయ్యి పట్టి ఇవతలికి గుంజాడు.

"కండ్లు నెత్తికెక్కినయా..." అని మొదలుపెట్టి, ఆవిడ కళ్లు చూసి, అక్కడే ఆగిపోయాడు.

"ఏమనుకోకు నాయనా. మంట నాకు కనిపించలేదు" అన్నారావిడ.

ఊళ్లో అందరికన్నా పెద్దది లచ్చవ్వ. కర్ర పొడుచుకుంటూ వచ్చి, రాజ్యలక్ష్మి గారి చెంప పక్కన తన చెయ్యి ఆడించింది. ఆవిడ రెప్ప కదల్లేదు.

"అయ్యో బిడ్డా! మొత్తానికే పోతయా?"

"పోతాయన్నారు అవ్వా. డప్పులు ఆపమనడానికి నేను రాలేదు. ఈ సరోజే నా కోసం తిప్పలు పడుతోంది. మీరు కొట్టుకోండి. ఇలాంటి రోజు మీకు మళ్లీ రాదు. శుభమని చెప్పి పోదామని దిగాను."

లచ్చవ్వ ఎల్లన్న వైపు తిరిగింది.

"మంట ఆర్పుండ్రి."

"అవ్వా, మరి మొక్కు?"

"మైసమ్మకు నేను జెప్పుకుంట తీ. మైసమ్మ ఏడికి వోతది, కట్ట మీదనే ఉంటది. గీ బిడ్డ కండ్లు పోతున్నయి."

ఎల్లన్న చేతిలోని డప్పును ప్రేమగా ఒకసారి తుడిచి, బోర్లా పెట్టి, బిందెడు నీళ్లు తెచ్చి మంట మీద గుమ్మరించాడు. ట్రాక్టరతను మాత్రం కాలితో మట్టి తన్ని వెళ్లిపోయాడు. అతణ్ని నేను తప్పుపట్టలేదు, ఇప్పటికీ పట్టను.

ఆ గురువారం మధ్యాహ్నం ఊరంతా కట్ట మీదికి వచ్చింది. అట్లాంటి ఊరేగింపు నేను మళ్లీ చూడలేదు. మొహాలకు గులాల్, చేతుల్లో జెండాలు, కాళ్లకు చెప్పులు కూడా లేవు. పిడికిలి పైకెత్తి, నోరు పెద్దగా తెరిచి, "జై తెలంగాణ" అని చప్పుడు లేకుండా అంటున్నారు. చిన్నపిల్లల నోళ్లు తల్లులు మూసి పట్టుకున్నారు. ఎవరికో నవ్వొచ్చింది. అది ఆపుకోలేక పక్కనామె కొంగు నోట్లో కుక్కుకుంది. మైసమ్మ ముందు కొబ్బరికాయ కొట్టాలి, ఎట్లా మరి? ఎల్లన్న తన తువ్వాలలో కాయను చుట్టి, రాయికేసి మెత్తగా పగలగొట్టాడు. లచ్చవ్వ పసుపూ కుంకుమా పెట్టి, అమ్మవారి చెవిలో చెప్పినట్టు వంగి ఏదో చెప్పుకుంది.

మేము లాడ్జి మెట్ల మీద నిలబడి చూస్తున్నాం. ఏమేం జరుగుతోందో విశ్వనాథం గారు భార్యకు గుసగుసగా చెబుతున్నారు. "ఇదంతా మన కోసమా రాజ్యం? మనల్ని ఏమైనా చేస్తారని నేను తలుపుకు టీపాయి అడ్డం పెట్టాను" అన్నారు. తిరిగి పోతూ ఒకామె ఆయన చెంపకూ గులాల్ రాసింది. ఆయన తుడుచుకోలేదు. రాత్రి భోజనానికి కూడా ఆ చెంపతోనే వచ్చారు.

శుక్రవారం చెరువు ఖాళీగానే ఉంది. నేను వంటింట్లో గిన్నెలు జారవిడిచిన వాళ్లమీదల్లా విరుచుకుపడ్డాను. ఊళ్లో ఆ రోజు పెళ్లిబ్యాండు ఒకటి రావలసి ఉంటే దాన్ని కూడా రోడ్డు మీదే ఆపి, వాయించనీయకుండా నడిపించుకుపోయారని బాలు చెప్పాడు.

శనివారం తెల్లవారుతుండగా హైడ్‌లో కూర్చున్నాం. పొగమంచు. వెలుగు బాగా వచ్చాక గోదావరి వైపు నుంచి ముందు అరుపులు వినిపించాయి. తర్వాత ఆకాశంలో గీత గీసినట్టు బారులు. విశ్వనాథం గారు భార్య గడ్డం పట్టుకుని ఆవిడ మొహాన్ని నెమ్మదిగా తిప్పుతున్నారు. "కొంచెం ఎడమకి. ఇంకాస్త. ఇప్పుడు పైకి. ఆఁ, అక్కడ."

"ఏవండీ? నాకు దొరకట్లేదండీ."

"కంగారు పడకు. కదలకుండా ఉండు. అవే నీ ఎదురుగా వస్తాయి."

వచ్చాయి. మా ముందే రెక్కలు వెనక్కి కొట్టి, కాళ్లు చాపి, నీళ్ల మీద దిగాయి. ఒకటి హైడ్‌కు మరీ దగ్గరగా వచ్చి తల తిప్పింది.

"సరోజా! రెండు గీతలూ కనిపిస్తున్నాయే!" అన్నారావిడ. నియమం మరిచి కాస్త గట్టిగానే అన్నారు. నాకూ కళ్లు మసకబారాయి.

బయటికి వస్తే గొంగళ్లు కప్పుకుని ఎల్లన్న, లచ్చవ్వ, ఇంకో పదిమంది చింతచెట్టు చాటున గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. "మడిల వడితే కట్టెవట్టి తోలుతుంటిమి. గింత దూరంకెల్లి వస్తయని మాకెవలు జెప్పిన్రు?" అన్నాడు ఎల్లన్న. అంతే, రాజ్యలక్ష్మి గారు అక్కడే గట్టు మీద కూర్చుని పాఠం మొదలుపెట్టారు. మంచు కొండలు, పల్చటి గాలి, దారి తప్పకుండా వచ్చే బారులు. వాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. పాఠం అయ్యాక ఆవిడ తడుముకుంటూ వంగి లచ్చవ్వ కాళ్లు పట్టుకోబోతే, ముసలామె గభాలున కాళ్లు ముడుచుకుంది. "పంతులమ్మవు, నా కాళ్లు మొక్కుడేంది బిడ్డా! నాకు పాపం తాకుతది" అంది.

మధ్యాహ్నం వాళ్లు వెళ్లిపోయారు. ఆదివారం డప్పు కొట్టి మొక్కు తీర్చుకుందామనుకున్నారు ఊరివాళ్లు. ఈలోగా టీవీలో ఒకటే రాజీనామాల వార్తలు, ఆంధ్ర వైపు గొడవలు. "పక్కా కానియ్యిండ్రి, గప్పుడు కొడుదాం" అంది లచ్చవ్వ. పక్కా కాలేదు. రెండు వారాలు తిరగకుండానే ఢిల్లీ మాట వెనక్కి తీసుకుంది.

ఆ మర్నాడు ఎల్లన్న వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది.

"అక్కా, తెలంగాణ అచ్చిందన్నంక ఒక్క ఆ బేస్తారమే మాది. గది గూడ సప్పుడు చెయ్యకుంట గడిపినం."

"కోపంగా ఉన్నదా అన్నా?"

చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "ఉన్నది. ఢిల్లీ మీద ఉన్నది. ఆ అమ్మ మీద లేదు."

ఆ తర్వాత ఎన్ని బందులు, ఎన్ని రాస్తారోకోలు, రోడ్ల మీద ఎన్ని వంటావార్పులు! సకల జనుల సమ్మెప్పుడు లాడ్జి నెల పైగా మూతపడింది. ఎల్లన్న డప్పు ప్రతి ధర్నాలోనూ మోగింది, కట్ట మీద మాత్రం మోగలేదు. మొక్కు మొక్కేనన్నాడు. లచ్చవ్వ రాష్ట్రం వచ్చిన రోజు చూడకుండానే పోయింది. రాజ్యలక్ష్మి గారు ప్రతి చలికాలం ఫోన్ చేసేవారు. బాతులు వచ్చాయా, ఎల్లన్న ఎలా ఉన్నాడు అని, లచ్చవ్వ ఉన్నన్నాళ్లూ ఆమె ఎలా ఉంది అని అడిగేవారు. చూపు డాక్టర్లు చెప్పినట్టే వేసవి లోపల పోయింది. ఊరివాళ్లకు దక్కింది ఆ ఒక్క రోజేనని, దాన్నే తన కోసం వదులుకున్నారని ఆవిడ నా నోటి ద్వారానే విన్నారు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎంతోమంది వచ్చిపోయారు. గెస్టు అంటే మనం చూసుకోవలసిన మనిషి అని ట్రైనింగులో నేర్పారు. అది నా పని, నా జీతం. కానీ ఆ రెండు రోజులు గెస్టును చూసుకున్నది నేను కాదు. జీతం లేని ఊరు చూసుకుంది, తనకు కోపం ఉన్న దిక్కు నుంచి వచ్చిన మనిషిని. అప్పటి నుంచి లాడ్జి గురించి మాట్లాడేటప్పుడు "మా కాటేజీలు, మా సర్వీసు" అని గొప్పలు పోవడం మానేశాను. వచ్చిన ప్రతి గెస్టునూ ముందు ఊళ్లోకి తీసుకెళ్తాను. ఎల్లన్న ఇంటి ముందు ఒక చాయ్ తాగించి, ఆ తర్వాతే చెరువు చూపిస్తాను. ఆ ఊరికి నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

2014 జూన్ రెండు. రాష్ట్రం వచ్చింది. ఊరంతా కట్ట మీదికి కదులుతుంటే నా ఫోన్ మోగింది. నంబరు కలిపింది విశ్వనాథం గారు, మాట్లాడింది ఆవిడ.

"సరోజా, చెరువు మీద పక్షులున్నాయా?"

"జూన్‌లో ఎక్కడివి మేడం? ఎప్పుడో వెళ్లిపోయాయి."

"ఒక్కటి కూడా లేదు కదా? సరిగ్గా చూసి చెప్పు."

"లేదు మేడం. ఒట్టు."

"అయితే ఫోన్ కట్ట మీదికి తీసుకెళ్లు. ఆ రోజు నా కోసం ఆపింది నేను వినాలి."

పరుగెత్తాను. మైసమ్మ ముందు గడ్డిమంట వేసి డప్పులు కాపుతున్నారు. ఎల్లన్నకు విషయం చెప్పాను. అతను నా ఫోన్ తీసుకుని మైసమ్మ పక్కన రాయి మీద పెట్టాడు. తర్వాత డప్పు చంకకు తగిలించుకుని మొదటి దెబ్బ వేశాడు. వెనక అందరూ అందుకున్నారు. నా గుండెల్లో కూడా మోగింది. చాలాసేపయ్యాక ఎల్లన్న చెమట తుడుచుకుంటూ ఫోన్ దగ్గరికి వంగాడు.

"అమ్మా, ఇనవడుతున్నదా?"

ఆవిడ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు.

"వినపడుతోంది ఎల్లన్నా. ఆపకండి."